వంటింటి స్పీకరు

మా చిన్నప్పుడు మా ఇంట్లో స్పీకర్లు రెండుండేవి. ఒకటి హాల్లో టీవీ బల్ల పక్కన. రెండోది వంటింట్లో, పోపులపెట్టె పెట్టుకునే అర మీద. 1996లో నాన్న డబుల్ క్యాసెట్ సెట్టు కొన్నప్పుడు రెండు పెట్టెలూ హాల్లోనే కాస్త ఎడంగా పెట్టుకోమని కొట్టువాళ్లు చెప్పారుట. నాన్న వినలేదు. "పొద్దస్తమానం వంటింట్లోనే ఉంటుంది, పాపం తనకీ నాలుగు పాటలు వినపడాలి కదా" అని విడిగా వైరు కొనుక్కొచ్చి, గుమ్మం మీంచి క్లిప్పులు కొట్టి, ఒక పెట్టెని వంటింట్లోకి పంపించారు.

ఆ రోజుల్లో భార్య కోసం వంటింటికి స్పీకరు వేయించిన మగవాడంటే మాటలా! మా వీధిలో ఇద్దరు ముగ్గురు పిన్నిగార్లు అమ్మని చూసి లోలోపల కుళ్లుకున్నారు కూడాను. "నువ్వు పెట్టిపుట్టావే" అని మా పెద్దమ్మ అనడం నాకింకా గుర్తు. నేనూ స్నేహితురాళ్ల దగ్గర గొప్పలు చెప్పుకున్నాను.

ఆ గొప్పలో సగమే నిజమని నాకు తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

కిందటి వేసవిలో నాన్న ఇల్లు సర్దుతూ ఆ పెట్టెలు పాతసామాన్లవాడికి వేసేస్తానంటే నేను తెచ్చుకున్నాను. సెట్టు ఎప్పుడో పాడైపోయింది. స్పీకర్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. ఒకదాని గుడ్డ నల్లగా, కొన్ననాటిలాగే ఉంది. రెండోదాని గుడ్డ పోపు పొగకీ నూనె జిడ్డుకీ పసుపురంగు తిరిగిపోయింది. ఏది ఎక్కడుండేదో వేరే చెప్పక్కర్లేదు. ఓ చిన్న ఆంప్లిఫయరు కొని, ఫోన్లో పాటలు అందులోంచి వినొచ్చని నా ఉద్దేశం.

మా హాలు పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. అందులోనే టీవీ, సోఫా, పిల్లల పుస్తకాలు, బట్టలారేసే స్టాండు. "ఇంత గదిలో ఇవెక్కడ పెడతావు?" అంటూనే మావారు స్టూలెక్కి రెండింటినీ షోకేసు మీద, సీలింగుకి దగ్గరగా, చెరో మూలకీ నెట్టేశారు. అడ్డం లేకుండా ఉంటాయి కదా అని. పాట పెట్టగానే తబలా దెబ్బ దెబ్బకీ షోకేసులో స్టీలు గ్లాసులు జణజణమన్నాయి. గొంతేమో ఎక్కడో పైన అటక మీంచి వస్తున్నట్టుంది. "పాతవి కదా, అంతే" అని తేల్చేశారాయన. ఇలాంటి విషయాల్లో మగవాళ్ల తీర్పు ఎంత త్వరగా వచ్చేస్తుందో!

నాకు తోచలేదు. నాలుగు పుస్తకాలు తిరగేశాను, తెలిసినవాళ్లని అడిగాను. చివరికి జాకెట్టు కొలతలు తీసుకునే టేపు పట్టుకుని కూర్చున్నాను.

అసలు స్టీరియో అంటే ఒకే పాట రెండు పెట్టెల్లోంచి రావడం అని నేనూ అనుకునేదాన్ని. కాదుట. రికార్డు చేసేటప్పుడే పాటని పాయలు తీస్తారు. జడకి మూడు పాయలైతే దీనికి రెండు: ఎడమది, కుడిది. పాడేవాళ్ల గొంతు రెండింట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి మనకి ఎదురుగా, రెండు పెట్టెలకీ నడుమ ఖాళీలో నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది. వేణువు ఎడమ పాయలో ఎక్కువుంటే ఎడమనుంచి, వయొలిన్లు కుడి పాయలో ఎక్కువుంటే కుడినుంచి వస్తాయి. రెండూ మన చెవుల దగ్గర కలిస్తేనే జడ. లేకపోతే విడిపాయలే.

ఈ ఆలోచన పుట్టిన కథొకటి చెప్తారు. 1931లో ఇంగ్లండులో అలన్ బ్లమ్లైన్ అనే ఇంజనీరు కాబోయే భార్యతో కలిసి సినిమాకి వెళ్లాడు. తెర మీద మనిషి ఒక పక్క ఉంటే మాట మరో పక్కనుంచి వస్తోంది. ఇది బాగాలేదు, మనిషి ఎటు నడిస్తే గొంతూ అటు నడిచే ఉపాయం నా దగ్గరుంది అని ఆమెతో అన్నాడుట. ఆ డిసెంబరులోనే పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. 1942లో, 38 ఏళ్ల వయసులో, రాడార్ పరీక్షల కోసం వెళ్లిన విమానం కూలి చనిపోయాడు పాపం. నాకు నచ్చిందేమిటంటే, ఈ స్టీరియో సంగతి మొట్టమొదట విన్నది ఒక ఆడమనిషి. అదీ వంటింట్లోంచి కాదు, పక్క సీట్లో తీరిగ్గా కూర్చుని.

సరే, మన గది సంగతికొద్దాం. చిన్న గదైతే ఏం, కొలత కుదిరితే చాలు. పది అడుగుల గోడ వైపు పెట్టాలనుకున్నాను. ఒక్కొక్క పెట్టెకీ పక్కగోడకీ మధ్య రెండడుగులు వదిలితే, రెండు పెట్టెల నడుమ ఆరడుగులు వచ్చింది. వెనకగోడ నుంచి పెట్టె ముఖం దాకా మరో రెండడుగులు. వినేమనిషి తల రెండు పెట్టెలకీ సమదూరంలో, అంటే ఇటు ఆరడుగులు, అటు ఆరడుగులు ఉండాలి. చిన్నప్పుడు లెక్కల మాస్టారు బోర్డు మీద గీసిన సమబాహు త్రిభుజమే! అప్పుడు కుర్చీ ఆ గోడకి ఏడడుగుల పైచిలుకు దూరంలో పడింది. పెట్టెల్ని కుర్చీ వైపు కొంచెం తిప్పాను, ఇద్దరు మనుషులు మనతో మాట్లాడుతూ మొహం ఇటు తిప్పినట్టు.

కుర్చీని గదికి నట్టనడుమ వెయ్యకూడదుట. ఎందుకంటే పన్నెండడుగుల గదిలో, సెకనుకి 47 సార్లు ఊగే లోతైన స్వరం ఉందనుకోండి, దాని అల పొడవు సుమారు 24 అడుగులు. గదికి సరిగ్గా రెట్టింపు. అలాంటి స్వరం ఈ గోడకీ ఆ గోడకీ మధ్య చిక్కుకుపోయి, గోడల దగ్గర పొంగుతుంది, నడిమధ్యలో మాయమవుతుంది. అందుకే గోడకి ఆనించిన సోఫాలో కూర్చుంటే బేస్ గుబగుబలాడుతుంది, రెండడుగులు ముందుకొస్తే తగ్గుతుంది. ఒక్క పాట పెట్టుకుని గదిలో అటూ ఇటూ నడిచి చూడండి, మీకే తెలుస్తుంది. మూలకి నెట్టిన స్పీకరూ అంతే. రెండు గోడలూ కలిసి బేస్‌ని ఎగదోస్తాయి. మా స్టీలు గ్లాసుల గోలకి కారణం పెట్టెల పాతదనం కాదు, మూల. ఈ సంగతి తెలియక కొందరు చిన్న గదుల్లో ఇంకా పెద్ద పెద్ద పెట్టెలు కొంటున్నారు. పక్క వాటా వాళ్లు గోడ కొట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మా అత్తయ్య మాత్రం "ఈశాన్యం మూల బరువు పెట్టకే తల్లీ" అన్నారు. "ఈశాన్యమే కాదత్తయ్యా, శబ్దానికి ఏ మూలా పనికిరాదుట" అన్నాను. వాస్తూ, శబ్దశాస్త్రం ఒక్క మాట మీద నిలబడ్డం నేను చూడ్డం అదే మొదలు. ఆవిడ మహా సంతోషించారు.

ఎత్తు కూడా ముఖ్యమే. స్పీకరులో పైనుండే చిన్న గుండ్రటిది సన్నని స్వరాలు పలికిస్తుంది. అది మన చెవి ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చునేవాళ్లకి మూడడుగుల పైన. చాప మీద కూర్చునే అలవాటుంటే ఇంకా కిందికి, పీట మీద పెట్టినా సరిపోతుంది. షోకేసు మీద పెడితే వినేది బల్లులే.

అన్నీ కుదిరాయనుకుని ఘంటసాల గారి పాత పాట పెట్టాను. అది కావాలనే. 1950ల్లో, 60ల్లో వచ్చిన మన సినిమా పాటలు స్టీరియోవి కావు, మోనోవి. ఒకటే పాయ. అదే రెండు పెట్టెల్లోంచీ సమానంగా వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా నడుమ నిలబడాలి. నిలబడితే స్పీకర్లు సరిగ్గా పెట్టినట్టు లెక్క. నా ఖర్మకి గొంతు ఎక్కడా నిలబడలేదు. గదంతా పలచగా, ఎటునుంచి వస్తోందో తెలీకుండా, తలకి గుడ్డ చుట్టుకుని విన్నట్టుంది. మావారి మొహంలో "నే చెప్పలా" అన్న నవ్వు. చివరికి చూస్తే తప్పు నాదే. ఒక పెట్టెకి వైర్లు ఇటువి అటు తగిలించాను. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు ఉండాలి. వైరులో రెండు పోగులకీ ఒకటే రంగుంటే, ఒక పోగు మీద గీత ఉంటుంది, దాన్ని చూసి గుర్తుపట్టాలి. తారుమారైతే ఒక స్పీకరు ముందుకి తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. మొగుడూ పెళ్లాం చెరో వైపూ లాగే సంసారంలా. వైరు మార్చగానే గొంతు నడుమకొచ్చి నిలబడింది. మావారు పేపరు దించి చూశారు.

ఇంకొక్కటి. ఖాళీ ఇంట్లోకి సామాను దించకముందు చప్పట్లు కొడితే టంగుమని మోగుతుంది చూడండి, అదే మోత పాటనీ పాడుచేస్తుంది. టైల్సు నేల, నున్నటి గోడలు. దీనికి తేలికైన చిట్కా ఉంది. మీరు కుర్చీలో కూర్చుని, పిల్లల్ని బొట్టు పెట్టుకునే అద్దం పక్కగోడకి ఆనించి మెల్లిగా జరపమనండి. అద్దంలో మీకు స్పీకరు ఎక్కడ కనపడితే, శబ్దం అక్కడ గోడకి తగిలి మీ మీదకొస్తోందన్నమాట. ఆ చోట పుస్తకాల అర పెట్టొచ్చు, మందపాటి తెర వెయ్యొచ్చు. నేనైతే మా అమ్మమ్మ పాతచీరలతో కుట్టిన బొంత తగిలించాను. అందంగానూ ఉంది, పని కూడా చేస్తోంది. పలచని తెరలు సన్నని మోతని కొంచెం ఆపుతాయి గానీ బేస్‌ని ఏమీ చెయ్యలేవు. కోడిగుడ్ల అట్టలు అతికిస్తే మంచిదని ఎవరో చెప్పారు. శ్రమ తప్ప లాభం లేదుట.

ఇంతా చేశాక తేలిందేమిటయ్యా అంటే, ఈ ఏర్పాటంతా ఒకే ఒక్క మనిషి కోసం. చిన్న గదిలో ఆ చోటు ఒకటే ఉంటుంది, ఒక కుర్చీ పట్టేంత. దాంట్లో ఎవరు కూర్చుంటారు? ఇక్కడే నాకు కొట్లాడబుద్ధేసింది. మన ఇళ్లల్లో హాలు టీవీ చుట్టూ, వచ్చేపోయేవాళ్ల చుట్టూ, ఇంటాయన పడక్కుర్చీ చుట్టూ కట్టుకున్నదే. ఆడవాళ్లు వినరా అంటే, ఎందుకు వినరూ! తెల్లారకముందే ఫోన్లో సుప్రభాతం పెట్టుకుంటాం. కూర తరుగుతూ వింటాం, గిన్నెలు తోముతూ వింటాం, ఇస్త్రీ చేస్తూ వింటాం. పాట మనకి తోడు. నాకూ అది కావాలి, దాన్ని తక్కువ చెయ్యను. కానీ పని చేస్తూ వినడం వేరు, చేతులు ఒళ్లో పెట్టుకుని వినడం వేరు. మొదటిది మనకి అడక్కుండానే దొరుకుతోంది, ఎందుకంటే దానివల్ల ఏ పనీ ఆగదు. రెండోదానికి అరగంట పని ఆగాలి. అక్కడే వస్తుంది తంటా.

"కూర్చుని వినేంత తీరికెక్కడిదండీ" అని మా పక్క వాటా వదినగారు అంటారు. ఆవిడే రాత్రి రెండు గంటల సీరియల్ చూస్తారు, అయితే చిక్కుళ్లు ఒలుస్తూ. అదన్నమాట సంగతి. ఉత్త చేతులతో కూర్చోవడమంటేనే మనకి భయం. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో! మొదటిరోజు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నేనూ ఒళ్లో ఓ బట్టల మూట పెట్టుకునే కూర్చున్నాను, మడతపెట్టేస్తే పోతుంది కదా అని. రెండో పాటకి మూట కింద పెట్టాను.

అమ్మ దసరాలకి మా ఇంటికొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, ఆ రోజుల్లో మా క్యాసెట్టులో అరిగిపోయేదాకా మోగిన ఓ సినిమా పాట పెట్టాను. అమ్మ మొదట ఏమీ అనలేదు. మొదటి చరణం ముందు తల ఎడమవైపు తిప్పింది, ఎవరో పిలిచినట్టు.

"ఈ పాటలో వేణువుందా?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆ పాటకి వేణువే ప్రాణం. వంటింట్లో ఉన్న పెట్టె కుడిదని అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్లో సెట్టింగు మార్చి, శబ్దం మొత్తం కుడివైపుకి నెట్టి మళ్లీ పెట్టాను. గొంతు ఉంది, వయొలిన్లు ఉన్నాయి, తాళం ఉంది. వేణువు వచ్చే చోట మాత్రం పాట ఊరికే ఆగి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది. "ఆఁ, ఇదీ నేను విన్న పాట" అంది అమ్మ.

కాసేపటికి తనే నవ్వింది. "మీ నాన్న హాల్లోంచి 'వేణువు విన్నావా, ఎంత బావుందో!' అని అరిచేవారు. 'ఆఁ, ఆఁ' అనేదాన్ని. వినపళ్లేదంటే ఇంకా గట్టిగా పెడతారని."

ఇంకో సంగతి నాకు ఆ రాత్రి నిద్రపట్టకుండా చేసింది. అమ్మకి మొదట్నుంచీ పాత పాటలే ఇష్టం. కొత్తవి పెడితే "ఏముందే వీటిల్లో, డొల్ల" అనేది. అమ్మ పాతకాలం మనిషి అని మేం నవ్వుకునేవాళ్లం. పాత పాటలు ఒకటే పాయ కదా, వంటింట్లోకి కూడా నిండుగానే వెళ్లేవి. కొత్తవే సగం వెళ్లేవి. డొల్లగా ఉన్నది పాటా, వైరా? అమ్మ అభిరుచి అనుకున్నదాంట్లో అమ్మదెంత, ఆ అరదెంత? ఇప్పుడు చెప్పడం ఎవరి తరమూ కాదు.

నాన్న మీద నాకు కోపం లేదు. ఆయన ప్రేమతోనే చేశారు. కానీ మరో గదిలోకి వైరు లాగడం బదులు, ఆదివారం సాయంత్రం ఓ అరగంట "నువ్వొచ్చి కూర్చో, పొయ్యి నేను చూస్తాను" అని ఉంటే వైరు ఖర్చు కూడా మిగిలేది. ఆ మాట ఆయనకి తట్టలేదు. అమ్మకీ అడగాలని తట్టలేదు. నిజం చెప్పాలంటే మా ఎవరికీ తట్టలేదు.

ఇప్పటికీ చాలా ఇళ్లల్లో ఒక స్పీకరు హాల్లో, ఒకటి పడగ్గదిలోనో వంటింట్లోనో ఉంటున్నాయి. తప్పదనుకుంటే ఫోన్లో సెట్టింగుల్లో యాక్సెసబిలిటీ అనే చోట మోనో ఆడియో అని ఉంటుంది, అది నొక్కండి. రెండు పాయలూ కలిపి ప్రతి పెట్టెకీ పంపిస్తుంది. కనీసం వేణువు పోదు. ఒక చెవే వినపడే పెద్దవాళ్లకి ఫోను పెట్టిచ్చేటప్పుడు కూడా ఇది చేసిపెట్టండి, ఎంతో మేలు.

అమ్మ నాలుగు రోజులుందామని వచ్చి పదిరోజులుంది. రోజూ మధ్యాహ్నం కుర్చీ తనదే. వెళ్లేటప్పుడు "ఆ పెట్టెలు నావి నాకిచ్చెయ్" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది గానీ, ఏమని అనను? పాతచీరల్లో చుట్టి బస్సెక్కించాను.

నిన్న ఫోన్ చేసింది. "గోడకీ పెట్టెకీ ఎంతన్నావే, రెండడుగులేనా?" అని. వెనకనుంచి టేపు పట్టుకున్న నాన్న గొంతు, "అలా అయితే నా పడక్కుర్చీ ఎక్కడ పెట్టాలి?" అంటోంది. "వంటింట్లో వేసుకోండి" అంది అమ్మ, నాతో మాట్లాడుతూనే.